ముక్కల బొంత: పావు అంగుళం దగ్గరే అసలు పని

ఈ నెల కుట్టుపని శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం చదరపు ముక్కలు అతికి కుట్టే బొంతల గురించే ఉన్నాయి. పాత చీరలున్నవారు, దర్జీ దుకాణంలో మిగిలిన ముక్కలున్నవారు, విదేశాల నుంచి బంధువులు తెచ్చిన కత్తిరించిన గుడ్డల ప్యాకెట్లున్నవారు రాశారు. అందరికీ పనికొచ్చే ప్రశ్నలను ఎంచుకుని, మొదటి ఉత్తరానికి కొంచెం వివరంగా జవాబిస్తున్నాను, ఎందుకంటే మిగతా జవాబులు చాలావరకు దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

ప్రశ్న: మా చెల్లెలు డాలస్ నుంచి వస్తూ ఐదంగుళాల చదరపు ముక్కలు 42 ఉన్న ప్యాకెట్టు తెచ్చింది. ముక్కల అంచులన్నీ పళ్ళు పళ్ళుగా కత్తిరించి ఉన్నాయి. మా అక్క కూతురికి పుట్టిన పాపకు వీటితో బొంత కుట్టాలని ఉంది. నాకు జాకెట్లు కుట్టడం వచ్చు. ఎంత బొంత వస్తుంది? ముక్కలను ముందు తడిపి ఆరబెట్టాలా? (హైదరాబాదు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మీ చెల్లెలు తెచ్చినదాన్ని అమెరికాలో బొంతలు కుట్టేవారు చార్మ్ ప్యాక్ అంటారు. అలాగే పదంగుళాల చదరాల కట్టను లేయర్ కేక్ అనీ, రెండున్నర అంగుళాల వెడల్పున్న పొడుగు పట్టీల చుట్టను జెల్లీ రోల్ అనీ అంటారు. ఒకే డిజైనరు గీసిన, ఒకదానికొకటి నప్పే అచ్చులను కలిపి కట్టడం వల్ల రంగుల ఎంపిక సగం మీకు ముందే అయిపోయింది.

ముక్కలను తడపవద్దు. పన్నా గుడ్డను కత్తిరించే ముందు తడిపి ఆరబెట్టడం మంచి అలవాటే, కానీ ఇంత చిన్న ముక్కలు నీళ్ళలో పడితే అంచుల నుంచి పోగులు ఊడి, ఆరాక ఒక్కొక్కటి ఒక్కో కొలతకు వస్తుంది. అంచులను పళ్ళు పళ్ళుగా కత్తిరించింది కూడా పోగులు ఊడకుండా ఉండటానికే. కుట్టడానికి ముందు స్కేలు పెట్టి ఒక ముక్కను కొలవండి. పంటి కొసల మధ్య సరిగ్గా ఐదంగుళాలు వస్తే ఆ కొసలే మీ అంచు, లోపలి గుంటల మధ్య వస్తే ఆ గుంటలే అంచు. ఏది అంచో ఒకసారి తేల్చుకున్నాక 42 ముక్కలకూ అదే పాటించాలి.

ఇప్పుడు మీకు జాకెట్లు కుట్టడం వచ్చుననే విషయం. మిషను మీద చేయి కుదరడానికి ఆ అనుభవం ఎంతో ఉపయోగపడుతుంది, కానీ ఒక అలవాటును మాత్రం పక్కన పెట్టాలి. జాకెట్టులో తర్వాత వదులు చేసుకోవడానికి పక్కల్లో అంగుళం, అంగుళంన్నర గుడ్డ వదులుతాం, కుట్టు అటూ ఇటూ కాస్త జరిగినా ఒంటి మీద తెలియదు. ముక్కల బొంతలో కుట్టుకు పోయేది పావు అంగుళమే, అది మొదటి ముక్క నుంచి చివరి ముక్క దాకా పావు అంగుళంగానే ఉండాలి. ఐదంగుళాల ముక్కకు రెండు వైపులా పావు చొప్పున పోతే నాలుగున్నర అంగుళాలు కనిపిస్తాయి, కాబట్టి వరుసకు 6 ముక్కల చొప్పున 7 వరుసలు వేస్తే బొంత 27 అంగుళాల వెడల్పు, 31న్నర అంగుళాల పొడవు వస్తుంది. పావుకు బదులు అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులు కుట్టుకు పోనిస్తే ఒక్కో ముక్కలో పావు అంగుళం తగ్గి, ఆరు ముక్కల వరుసలో ఒకటిన్నర అంగుళం మాయమవుతుంది. అన్ని వరుసలూ సమానంగా తగ్గితే బొంత చిన్నదవుతుంది, అంతే. ఒక వరుస తగ్గి ఇంకో వరుస తగ్గకపోతేనే మూలలు కలవవు, అంచులు వంకర పోతాయి.

అందుకని అసలు ముక్కలు ముట్టుకునే ముందు పనికిరాని గుడ్డ మీద ఒక పరీక్ష చేయండి. రెండున్నర అంగుళాల చదరాలు మూడు కత్తిరించి పక్కపక్కనే కుట్టి ఇస్త్రీ చేసి, మధ్య ముక్కను కొలవండి. అది సరిగ్గా 2 అంగుళాలుంటే మీ పావు అంగుళం సరైనదే. రెండంగుళాలకు తక్కువైతే కుట్టు లోపలికి పోతోందని, ఎక్కువైతే అంచుకు మరీ దగ్గరగా పడుతోందని అర్థం. మిషనులో గుడ్డను నొక్కిపట్టే పాదం పావు అంగుళపుది విడిగా దొరుకుతుంది గానీ, అది లేకపోయినా పని ఆగదు. సూదికి కుడివైపు మిషను పలక మీద సరిగ్గా పావు అంగుళం దూరంలో కాగితపు టేపు నాలుగైదు పొరలు అంటించి, దాని అంచుకు గుడ్డను ఆనించి కుడుతూ పోతే చాలు. కుట్టు పొడవు రెండు నుంచి రెండున్నర మిల్లీమీటర్లుంచండి.

ముక్కలను నేల మీద పరిచి, ముదురు రంగులన్నీ ఒక పక్కకు చేరకుండా సర్దుకున్నాక, ఫోనులో ఫోటో తీసి దాన్ని నలుపు తెలుపుల్లోకి మార్చి చూడండి. రంగుల సందడిలో కంటికి తెలియని ముదురు, లేత తేడా అందులో స్పష్టంగా కనిపిస్తుంది. తర్వాత వరుసల వారీగా కుట్టండి. ఒక జత కుట్టగానే దారం తెంపకుండా వెంటనే రెండో జతను పాదం కిందకు తోస్తూ పోతే దారమూ, సమయమూ ఆదా అవుతాయి, చివరన జతల మధ్య దారాన్ని కత్తిరించుకోవచ్చు.

పైభాగం తయారయ్యాక కింది గుడ్డ నాలుగు వైపులా నాలుగేసి అంగుళాలు ఎక్కువ ఉండాలి. మీ కొలతకు 44 అంగుళాల పన్నా గుడ్డ ఒక మీటరు సరిపోతుంది. అంచుపట్టీకి రెండున్నర అంగుళాల వెడల్పున్న పట్టీలు అదే పన్నాలో నాలుగు కత్తిరించి, ఏటవాలుగా అతికి, పొడవునా సగానికి మడిచి ఇస్త్రీ చేయండి. చుట్టుకొలత 117 అంగుళాలు, మూలలకూ చివరి అతుకుకూ మరో పది కలుపుకోవాలి, కాబట్టి మూడు పట్టీలతో సరిపెట్టుకోవాలని చూడవద్దు.

ఇది పాపకని రాశారు కనుక ఒక మాట తప్పక చెప్పాలి. ఏడాది నిండని బిడ్డ నిద్రపోయేటప్పుడు మీద గానీ పక్కన గానీ వదులైన దుప్పటి, బొంత, దిండు ఉంచవద్దని పిల్లల వైద్యులు గట్టిగా చెబుతున్నారు, ఊపిరాడకపోయే ప్రమాదం ఉంటుంది. మీరు కుట్టే బొంతను పాప మెలకువగా ఉన్నప్పుడు, పెద్దవాళ్ళు దగ్గరుండగా, నేల మీద పరిచి బోర్లా పడుకోబెట్టి ఆడించడానికి వాడమనండి. బొత్తాలు, పూసలు, పొడుగు దారపు కుచ్చులు కుట్టవద్దు.

ప్రశ్న: ఎంత జాగ్రత్తగా కుట్టినా నాలుగు ముక్కలు కలిసే చోట మూలలు ఒకదాని పక్కన ఒకటి జరిగి కనిపిస్తున్నాయి. ఏం చేయాలి? (బెంగళూరు)

జవాబు: మీ కుట్టు కొలత సరిగ్గా ఉంటే లోపం ఇస్త్రీలో ఉంటుంది. మొదటి వరుసలో కుట్టు మడతలన్నీ కుడివైపుకు, రెండో వరుసలో ఎడమవైపుకు, మూడో వరుసలో మళ్ళీ కుడివైపుకు పడుకోబెట్టండి. రెండు వరుసలను ముఖాముఖి పెట్టినప్పుడు ఒక మడత ఇటు, ఒక మడత అటు ఉండి ఒకదానికొకటి ఆనుకుని ఆగుతాయి. వేళ్ళ మధ్య నలిపి చూస్తే ఎక్కడా గట్టు తగలకుండా చదునుగా కూర్చున్నట్టు తెలుస్తుంది, అక్కడే గుండుసూది గుచ్చండి. సూది దాని దగ్గరకు రాగానే గుండుసూది తీసేయండి, దాని మీదుగా కుట్టవద్దు. ఇస్త్రీ పెట్టెను జాకెట్టు మీద లాగినట్టు ముందుకూ వెనక్కూ లాగితే చదరాలు సాగి వంకర పోతాయి, ఎత్తి పెట్టి, మళ్ళీ ఎత్తి పక్కన పెట్టాలి.

ప్రశ్న: మా అమ్మ కట్టిన నూలు చీరలు పెట్టెలో ఉన్నాయి. మా అమ్మమ్మ అయితే వాటిని పొరలు పొరలుగా పరిచి బొంత కుట్టేది. నేను చదరాలుగా కత్తిరించి కుట్టాలనుకుంటున్నాను. పాత గుడ్డ నిలుస్తుందా? (తెనాలి)

జవాబు: ఏ చీర, చీరలో ఏ భాగం అన్నదాన్ని బట్టి నిలుస్తుంది. ముందు చీరను కిటికీకి అడ్డంగా పట్టుకుని వెలుతురులో చూడండి. కూర్చునే చోట, కుచ్చిళ్ళ కింది అంచు దగ్గర, భుజం మీద పిన్ను పెట్టుకునే చోట పోగులు పలచబడి వెలుగు ఎక్కువగా కారుతుంది. నడుముకు లోపల దోపుకునే మొదటి చుట్టు భాగం సాధారణంగా గట్టిగా, రంగు తగ్గకుండా ఉంటుంది. అనుమానం ఉన్న చోట గుడ్డను రెండు చేతులతో పడుగు (నిలువు పోగుల) వైపు ఒకసారి, పేక (అడ్డ పోగుల) వైపు ఒకసారి లాగి చూడండి. అంత మాత్రానికే పోగు విడిపోతే ఆ భాగం చదరానికి పనికిరాదు. దాన్ని పారేయనవసరం లేదు, లోపలి పొరగా పెట్టుకోవచ్చు.

మీ అమ్మమ్మగారి పద్ధతిలో ఉన్న బలాన్ని కూడా గమనించండి. ఆమె గుడ్డను కత్తిరించలేదు, కనుక విడిపోవడానికి అంచులే లేవు. నాలుగైదు పొరలను కలిపి దగ్గర దగ్గరగా చేతికుట్టు వేసినప్పుడు ఒక పొర నలిగినా మిగతావి దాన్ని పట్టుకుని ఉంచుతాయి. బెంగాలులో కాంథా, బీహారులో సుజని, మహారాష్ట్రలో గోధడి పుట్టింది ఈ అవసరంలోంచే. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో ఆఫ్రికా మూలాలున్న సిద్దీ కుటుంబాల ఆడవాళ్ళు కుట్టే కవంది మరీ ప్రత్యేకమైనది. వాళ్ళు ముక్కలను ముందుగా ఒకదానికొకటి అతకరు. కింది గుడ్డ పరిచి, ఒక మూల నుంచి మొదలుపెట్టి అంచుల వెంట ముక్కలు మడిచి పెడుతూ, కుడుతూ చుట్టూ తిరిగి మధ్యకు చేరతారు. చివరికి నాలుగు మూలల్లోనూ మడిచిన చిన్న ముక్కలు కుడతారు, వాటిని ఫూలా అంటారు, అవి లేనిదే బొంత పూర్తయినట్టు కాదు. మీ దగ్గర చీరలు మరీ పాతవైతే, చదరాలను మిషను మీద అతకడం కంటే ఈ పద్ధతిలో కింద గట్టి గుడ్డ పెట్టి దాని మీదే ముక్కలు కుట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం.

చదరాలే కావాలనుకుంటే మూడు జాగ్రత్తలు చెబుతాను. మొదటిది, ఉతికిన చీరకు చిక్కగా గంజి పెట్టి, ఇంకా కొంచెం తడిగా ఉండగానే ఇస్త్రీ చేయండి. మెత్తటి నూలు చీర కాగితంలా నిలబడుతుంది, చదరాలు చదరాలుగానే తెగుతాయి, మిషను కింద ముడుచుకోవు. రెండోది, నేత వదులుగా ఉండే చేనేత చీరలకు పావు అంగుళం చాలదు, అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులు వదలండి. కొలత పెరిగింది కాబట్టి ముక్కను కూడా ఆ మేరకు పెద్దదిగా కత్తిరించుకోవాలి. ఒకే బొంతలో కొన్నింటికి పావు, కొన్నింటికి ఎక్కువ అని మాత్రం పెట్టుకోవద్దు. మూడోది, చదరాన్ని పడుగు పేకల దారి వెంటే కత్తిరించండి. ఏటవాలుగా తెగిన అంచు సాగిపోయి ఎన్ని సూదులు గుచ్చినా దారికి రాదు. జరీ అంచులను చదరాల్లో కలపకుండా విడిగా తీసి, చుట్టూ పట్టీగా వేసుకుంటే అందంగానూ ఉంటుంది, ఇస్త్రీ వేడికి జరీ మాడే భయమూ ఉండదు.

ప్రశ్న: నాది చిన్న కుట్టు దుకాణం. జాకెట్టు ముక్కలు, లైనింగు, పట్టు, పాలిస్టరు అన్నీ కలిపి సంచుల నిండా ఉన్నాయి. అన్నీ కలిపి బొంత కుట్టవచ్చా? (కరీంనగర్)

జవాబు: కలపవద్దు. నూలు ముక్క ఉతికితే ముడుచుకుంటుంది, పాలిస్టరు ముడుచుకోదు, పక్కపక్కనే ఉంటే ఒకటి లాగి ఇంకోటి ఉబ్బుతుంది. నూలుకు కావలసిన ఇస్త్రీ వేడి పాలిస్టరును కరిగిస్తుంది. ముందు సంచులను మూడు కుప్పలుగా వేరు చేయండి: నూలు, పట్టు, మిగతావి. చేతికి తెలియకపోతే స్టీలు పళ్ళెంలో, పక్కన నీళ్ళు పెట్టుకుని, రెండు పోగులను పటకారుతో పట్టుకుని కాల్చి చూడండి. నూలు కాగితంలా కాలి మెత్తటి బూడిద అవుతుంది, పట్టు జుట్టు కాలిన వాసన వేసి వేళ్ళతో నలిపితే పొడి అవుతుంది, పాలిస్టరు కరిగి గట్టి ఉండగా మిగులుతుంది. కలనేత గుడ్డలో రెండు లక్షణాలూ కనిపిస్తాయి, దాన్ని మిగతా కుప్పలో వేయండి. నూలు కుప్ప బొంతకు, పట్టు కుప్ప ఉతకనక్కరలేని దిండు గలీబులకు, గోడకు వేలాడదీసేవాటికి వాడుకోండి. దుకాణం ముక్కల్లో చంకల, మెడల వంపులు ఎక్కువ ఉంటాయి కనుక మందపాటి అట్టతో మూడున్నర అంగుళాల చదరం చేసుకుని, పడుగు దారికి సరిచూసి, దాని చుట్టూ గీసి కత్తిరించండి. ఏ రోజు ముక్కలు ఆ రోజే కత్తిరించి డబ్బాలో వేస్తే సంచులు పేరుకోవు.

ప్రశ్న: పెడన నుంచి తెప్పించిన కలంకారీ గుడ్డను తెల్ల చదరాలతో కలిపి కుట్టాలనుకుంటున్నాను. ఎర్ర రంగు తెల్లకు అంటుతుందేమోనని భయంగా ఉంది. ఉప్పు నీళ్ళలో నానబెడితే చాలా? (ఎడిసన్, న్యూజెర్సీ)

జవాబు: మీ భయం సరైనదే. ఉప్పు నీళ్ళ మాట మన ఇళ్ళలో తరతరాలుగా ఉంది గానీ, అద్దకం అయిపోయిన గుడ్డలో ఉప్పు గానీ వెనిగరు గానీ రంగును శాశ్వతంగా నిలపవు. కలంకారీలో రంగును పట్టి ఉంచేవి కరక్కాయ, పటిక వంటివి, ఆ పని అద్దకం జరిగే చోటనే సరిగ్గా జరగాలి. తర్వాత మనం చేయగలిగింది గుడ్డలో పట్టకుండా మిగిలిపోయిన రంగును వదిలించడమే.

ఇది పన్నా గుడ్డ కాబట్టి కత్తిరించక ముందే విడిగా చల్లటి నీళ్ళలో, ఘాటులేని సబ్బుతో ఉతికి నీడన ఆరబెట్టండి. నీళ్ళు తేటపడేదాకా మళ్ళీ మళ్ళీ ఉతకాలి. తర్వాత ఒక మూలను తడిపి తెల్ల నూలు గుడ్డ మీద పెట్టి ఇస్త్రీ పెట్టెతో నొక్కండి. మచ్చ పడితే ఆ గుడ్డను తెల్లటి చదరాల పక్కన పెట్టవద్దు, గోధుమరంగు, ఇటుకరంగు వంటి ముదురు గుడ్డలతో కలపండి, కలంకారీకి అవి తెలుపు కంటే బాగా నప్పుతాయి కూడా. మీ ఊళ్ళో రంగు పీల్చే కాగితాలు దొరుకుతాయి, మొదటి కొన్ని ఉతుకుల్లో మిషనులో ఒకటి రెండు వేయండి. బొంతను తడిగా మడిచి మాత్రం ఉంచకండి, రంగు అంటేది ఎక్కువగా అప్పుడే.

ప్రశ్న: లోపల పరుపుల దూది పెట్టవచ్చా? (అనంతపురం)

జవాబు: ఏకిన దూదిని రెండు మూడంగుళాలకు ఒక కుట్టు వేసి బంధిస్తేనే పెట్టాలి, లేకపోతే మొదటి ఉతుకుకే ఉండలు కట్టి మూలలకు చేరుతుంది. మీ ఎండలకు అంత మందం అవసరం కూడా లేదు. ఉతికిన పాత నూలు చీర రెండు పొరలుగా పెట్టినా, పలచటి నూలు దుప్పటి ఒకటి పెట్టినా చాలు. మూడు పొరలనూ కచ్చా కుట్టుతో జానెడు దూరంలో నిలువునా అడ్డంగా బిగించాకే మిషను ఎక్కించండి. మిషను లాగలేకపోతే ప్రతి చదరపు మూల దగ్గర మందపాటి నూలు దారంతో గట్టి ముడి వేసినా పొరలు నిలుస్తాయి. పొడుగు కుట్లు వేసేటప్పుడు మధ్య నుంచి అంచులకు వెళ్ళాలి, అంచు నుంచి మొదలుపెడితే గుడ్డంతా మధ్యలో పోగై ముడత పడుతుంది.

ప్రశ్న: వట్టి చదరాలు విసుగనిపిస్తున్నాయి. కష్టం లేకుండా కొత్త రూపు తెచ్చే మార్గం ఉందా? (రాజమహేంద్రవరం)

జవాబు: ఉంది. ఐదంగుళాల చదరాలు తొమ్మిదింటిని మూడు వరుసలుగా కుట్టండి, 14 అంగుళాల పెద్ద చదరం వస్తుంది. దాన్ని నిలువునా, అడ్డంగా సరిగ్గా మధ్యకు కత్తిరిస్తే ఏడంగుళాల ముక్కలు నాలుగు వస్తాయి. ఒక్కొక్కదానిలో ఒక మూల నిండు చదరం, పక్కన రెండు సగాలు, మరో మూల మధ్య ముక్కలోని పావు భాగం ఉంటాయి. మూలకు మూల ఎదురుగా ఉన్న రెండింటిని అర చుట్టు తిప్పి మళ్ళీ కుడితే, ఇది తొమ్మిది చదరాల నుంచి వచ్చిందని చూసినవారు పోల్చుకోలేరు. మధ్య ముక్కకు ముదురు రంగు పెడితే ఆ చిన్న చదరాలు చుక్కల్లా తేలతాయి. 42 ముక్కల ప్యాకెట్టు నుంచి ఇలాంటివి నాలుగు చేసుకోవచ్చు, ఆరు ముక్కలు మిగులుతాయి. కత్తిరించేటప్పుడు సగం కొలత మధ్య ముక్క నడుమ పడాలి, కుట్టు మీద పడకూడదు.

ప్రశ్న: ఒకరు పడుకునే మంచానికి 60 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవున్న బొంత కావాలి. ఎన్ని చదరాలు, ఎన్ని చీరలు కావాలి? (విశాఖపట్నం)

జవాబు: ఐదంగుళాల చదరాలతో అయితే వరుసకు 14 చొప్పున 20 వరుసలు, అంటే 280 ముక్కలు కావాలి, అప్పుడు వెడల్పు 63 అంగుళాలు వస్తుంది. మొదటి పెద్ద బొంతకు అంత పని పెట్టుకోవద్దు. ఎనిమిదంగుళాల చదరాలు తీసుకోండి. పావు అంగుళం చొప్పున పోయాక ఏడున్నర మిగులుతుంది కాబట్టి వరుసకు 8 చొప్పున 12 వరుసలు, మొత్తం 96 ముక్కలతో సరిగ్గా మీరు అడిగిన కొలత వస్తుంది. అంచులు తీసేసిన చీర పన్నాలో అడ్డంగా ఐదు చదరాలు పడతాయి. ఆరు చీరల నుంచి 16 చొప్పున తీసుకుంటే ఒక్కో చీరలో మీటరు కూడా ఖర్చు కాదు, గట్టిగా ఉన్న భాగాన్నే ఎంచుకునే వీలుంటుంది. మిగిలిన చీరల పొడవుల్లోంచి మంచి రెండింటిని నిలువునా అతికి కింది గుడ్డగా వేసుకోండి. కింది గుడ్డ అతుకు పైభాగంలోని వరుస కుట్టు మీద పడకుండా రెండు మూడంగుళాలు పక్కకు జరపండి, రెండు అతుకులు ఒకే చోట పడితే మిషను సూది విరగవచ్చు. సూది 14వ నంబరు వాడండి, ఇంత పెద్ద బొంతలో పని మధ్యలో ఒకసారి కొత్త సూది మార్చాల్సి వస్తుంది.